దించిన వేళ రాయండి, ఆఖరి ప్లేటు రుచి చూడండి: క్యాంటీన్ కమిటీలకు బహిరంగ లేఖ

ఆఫీసు, ఫ్యాక్టరీ క్యాంటీన్ కమిటీల సభ్యులకు, ఫెసిలిటీస్ మేనేజర్లకు, కేటరింగ్ కాంట్రాక్టర్లకు,

నమస్కారం.

పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, నాలుగింటికి టీ. పనిరోజులో మనిషి తనకోసం అట్టిపెట్టుకునేవి ఈ మూడే. వీటిలో ఒక్కటి బాగున్నా ఆ పూట తేలిగ్గా గడుస్తుంది. ఈ మూడూ మీ చేతుల్లో ఉన్నాయి కాబట్టే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాం.

ఫిర్యాదులు రాగానే మీరు చేసే మొదటి పని మెనూ మార్చడం. సోమవారం ఇడ్లీ తీసి ఉప్మా పెడతారు, మూలన ఒక నూడుల్స్ కౌంటరు తెరుస్తారు. రెండు నెలలు తిరక్కుండానే అవే ఫిర్యాదులు మళ్లీ వస్తాయి. అప్పుడు వంటమేస్త్రీని మారుస్తారు, ఆ తర్వాత కాంట్రాక్టరునే మారుస్తారు. మేం చెప్పదలచింది ఒకటే. క్యాంటీన్ తిండి చాలావరకు పొయ్యి దిగాకే చెడుతోంది. దించిన వేళకూ ప్లేట్లో పడే వేళకూ మధ్య ఉన్న గంటలు దాన్ని పాడు చేస్తున్నాయి. ఆ ఎడం తగ్గిస్తే ఇదే మెనూ, ఇదే వంటవాళ్లు, ఇంచుమించు ఇదే ఖర్చుతో తిండి బాగుపడుతుంది.

ఇడ్లీ లెక్క చూడండి. 300 మంది, మనిషికి 3 చొప్పున 900 ఇడ్లీలు. ఒక్క వాయికి 72 పట్టే స్టీమరు ఒకటే ఉందనుకుందాం. ఆవిరి మీద 12 నిమిషాలు, రెండు నిమిషాలు ఆరనివ్వడం, తీయడం, ప్లేట్లు కడిగి మళ్లీ పిండి వేయడం, అన్నీ కలిపి వాయికి 20 నిమిషాలు. 900 ఇడ్లీలకు 13 వాయిలు, అంటే 4 గంటల 20 నిమిషాలు. టిఫిను ఎనిమిదిన్నరకు మొదలు కావాలంటే మొదటి వాయి తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకే వేయాలి. వంటవాళ్లు అలాగే వేస్తున్నారు, వేరే దారి లేదు. అదే 72 పట్టేవి 3 స్టీమర్లుంటే గంటా నలభై నిమిషాల్లో 1080 ఇడ్లీలు దిగుతాయి. ఎనిమిదింటికి మొదలుపెట్టినా సరిపోతుంది. స్టీమరు ఒకసారి కొనే వస్తువు, ఫిర్యాదులు మాత్రం రోజూ వచ్చేవి.

అంతకన్నా పెద్ద తప్పు హాట్ బాక్సులో జరుగుతుంది. నాలుగున్నరకు దిగిన ఇడ్లీలు అడుగున వేస్తారు, వాటి మీద ఐదింటివి, వాటి మీద ఆరింటివి. వడ్డించేటప్పుడు పైనుంచి తీస్తారు. అంటే అన్నిటికన్నా పాత ఇడ్లీ అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చినవాడి ప్లేట్లో పడుతుంది, అప్పటికి దాని వయసు ఐదు గంటలు. పై బరువుకు అణిగిపోయి, మూత మీద పేరుకున్న ఆవిరి నీళ్లయి కారి, అడుగు జిగురుగా, అంచు గట్టిగా తయారవుతుంది. దీనికి మందు సులువైనదే. పెద్ద పెట్టె ఒకటి వాడే బదులు ఒక్కో వాయికి ఒక లోతు తక్కువ పెట్టె వాడండి. అడుగునా, మూత కిందా పొడి నూలుగుడ్డ వేయండి, చెమ్మ అది పీల్చుకుంటుంది. పెట్టె మీద దించిన వేళ సుద్దముక్కతో రాయండి. ముందు దిగింది ముందు వడ్డించాలి. గంట దాటిన పెట్టె కౌంటరు మీద ఉండకూడదు.

ఇక్కడ మీ కాంట్రాక్టు కాగితం గురించి చెప్పాలి. చాలా కాంట్రాక్టుల్లో ఒక షరతు ఉంటుంది: టిఫిను వేళ ముగిసేలోపు ఏ పదార్థం అయిపోయినా జరిమానా. దీన్ని ఉద్యోగుల మేలు కోసమే పెడతారు. ఫలితం మాత్రం అడ్డం తిరుగుతుంది. జరిమానాకు భయపడి కాంట్రాక్టరు మొత్తం వంట ముందే చేయించి పెట్టేస్తాడు. అయిపోకుండా ఉండటమొక్కటే అతనికి లెక్క, ఎలా ఉందన్నది లెక్కలోకి రాదు. ఈ షరతు తీసేసి, దాని బదులు ‘ప్రతి పదార్థం కనీసం మూడు విడతల్లో వండాలి’ అని రాయండి. చివరి పావుగంటలో ఇడ్లీ అయిపోతే ఉప్మా చేసి పెట్టే వెసులుబాటు ఇవ్వండి. రవ్వ ముందే వేయించి డబ్బాలో ఉంచుకుంటే, ఎసరు మరుగుతూ ఉంటే, ఉప్మా పది నిమిషాల పని. ఇంట్లో ఒకటికి రెండున్నర నీళ్లు పోస్తే చాలుగానీ, క్యాంటీన్ ఉప్మాకు మూడు పోయాలి. చల్లారేకొద్దీ అది గట్టిపడుతుంది కాబట్టి దించేటప్పుడు కాస్త జారుగానే ఉండాలి.

పిండి సంగతి కూడా కమిటీకి తెలిసి ఉంటే మంచిది. ఇడ్లీ రవ్వతో చేసే మన పద్ధతిలో 1 వంతు మినపగుళ్లకు 2 వంతుల రవ్వ. ఖర్చు తగ్గించడానికి కొందరు మూడు దాటిస్తారు. అలాంటి ఇడ్లీ వేడిమీద తినగలంగానీ, చల్లారిందంటే రాయి. పప్పు నాలుగైదు గంటలు నానాలి, చల్లటి నీళ్లతో రుబ్బాలి. గ్రైండరు వేడెక్కితే పిండిలో గాలి నిలవదు, పొంగు రాదు. 1 కిలో గుళ్లు, 2 కిలోల రవ్వకు సైజును బట్టి 100 నుంచి 120 ఇడ్లీలు వస్తాయి. 30 డిగ్రీల దగ్గర పిండి ఎనిమిది పది గంటల్లో పొంగుతుంది. హైదరాబాదు డిసెంబరు రాత్రుల్లో 12 గంటలు దాటినా పొంగదు, మే నెలలో ఆరు గంటలకే పుల్లబడుతుంది. అందుకని చలికాలంలో పొంగాక పొద్దున ఉప్పు కలపాలి, ఎండాకాలంలో రుబ్బగానే కలిపేస్తే పులుపు కొంత నెమ్మదిస్తుంది. ఏడాది పొడవునా ఒకే వేళకు రుబ్బే వంటగదిలో ఇడ్లీ ఏడాది పొడవునా ఒకేలా రాదు. రుబ్బే వేళ ఋతువుతో పాటు మారాలి. పులిసిన పిండిని సోడా వేసి మర్నాడు ఇడ్లీలుగా తోయకండి. సాయంత్రం పునుగులకు అదే సరైన పిండి, కాస్త మైదా, ఉల్లిపాయ, జీలకర్ర పడితే చాలు.

కొబ్బరి చట్నీ ఎండాకాలంలో బయట రెండు గంటలు దాటితే వాసన తిరుగుతుంది. మొత్తం ఒకేసారి జారుగా కలిపి బకెట్లో ఉంచడమే దీనికి కారణం. గట్టిగా రుబ్బిన ముద్దను ఫ్రిజ్‌లో ఉంచి, విడతకు సరిపడా తీసి, కాచి చల్లార్చిన నీళ్లు, ఉప్పు కలిపి, అప్పుడే తాళింపు పెట్టండి. పల్లీ చట్నీ ఇంకొంత ఓర్చుకుంటుంది. మొదటి విడత గిన్నెలో మిగిలినదాని మీద రెండో విడత పోయడం మాత్రం ఎక్కడా జరగకూడదు. కొత్తది కూడా పాతదానితో పాటే చెడుతుంది.

సాంబారు తొమ్మిదింటికి బాగుండి పదింటికి ఉప్పగా ఎందుకవుతుందని అడుగుతుంటారు. కౌంటరు మీద అది ఉడుకుతూనే ఉంటుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పూ పులుపూ చిక్కబడతాయి, మునక్కాడ పీచు మిగిలి గుజ్జు కరిగిపోతుంది. కాబట్టి సాంబారును కొంచెం చప్పగానే దించాలి. మరిగే నీళ్లు పక్కన ఉంచుకుని అరగంటకోసారి సరిచూడాలి. ఇంగువ, ఆవాలు, కరివేపాకు తాళింపు సగం మొదట్లో, మిగతా సగం రెండో విడతకు వేయాలి. ఆ వాసన పావుగంట కూడా నిలవదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు కూడా కమ్మటి వాసన దక్కాలంటే ఇదొక్కటే దారి.

దోశె మీద అందరికీ మోజే. అయితే లెక్క లేకుండా మెనూలో రాయకండి. నాలుగు దోశెలు పట్టే పెద్ద పెనం మీద, నీళ్లు చల్లి తుడవడం, కాలడం, మడవడం కలిపితే గంటకు 60 దోశెలు దిగడమే గొప్ప. గంటన్నర టిఫిను వేళకు 90. మిగతా 210 మంది వరుసలో నిలబడి ఖాళీ చేతులతో వెళ్తారు. నాలుగు పెనాలు పెట్టే చోటు, గ్యాసు, మనుషులు ఉంటే పెట్టండి. లేదంటే రోజుకు ఒక్కో ఫ్లోరు వంతున దోశె ఇవ్వండి. అందరికీ ముందే చేసి పేర్చి పెట్టిన దోశె ఎవరికీ వద్దు. ఒకదాని ఆవిరికి ఇంకోటి మెత్తబడి తడిగుడ్డలా తయారవుతుంది.

పెసరట్టు విషయం వేరు. దానికి పులియబెట్టే పనే లేదు, అందుకే చలికాలంలో క్యాంటీన్లకు అదే నయం. పెసలు ఐదారు గంటలు నానితే చాలు. కిలోకు ఒక గుప్పెడు బియ్యం కలిపి నానబెడితే అట్టు కరకరలాడుతుంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి కాస్త బరకగా రుబ్బాలి. రుబ్బిన పిండి బయట ఉంటే రెండు గంటల్లో రంగు మారుతుంది కాబట్టి దీన్ని కూడా విడతలుగానే రుబ్బాలి.

మధ్యాహ్నం భోజనంలో మొదట చూడాల్సింది, ఏ పదార్థం ఎంతసేపు ఆగగలదన్నది. వేపుడు ఆగదు. బెండకాయలు కడిగి, తడి పూర్తిగా ఆరాకే కోయాలి. మూకుడు నిండా ఒకేసారి పోస్తే అవి వేగవు, తమ నీటిలోనే ఉడుకుతాయి. వేగినవాటి మీద గట్టి మూత పెడితే ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి. దొండకాయకూ ఇదే వరస. పప్పు ఆగుతుంది, గంట తర్వాత కూడా బాగుంటుంది. అయితే కందిపప్పు మెత్తగా ఉడికాకే గోంగూర గానీ చింతపండు గానీ పడాలి. పులుపు ముందే పడితే పప్పు ఎంతసేపటికీ బద్దలుగానే మిగులుతుంది. గోంగూర పప్పు గింజలు గింజలుగా ఉందన్న ఫిర్యాదుకు చాలావరకు కారణం ఇదే. సమయం ఆదా చేద్దామని అన్నీ కలిపి కుక్కరులో వేసేస్తారు.

పులిహోర కలిపాక గంటా రెండు గంటలు ఊరితేనే రుచి. ఆవడ కూడా అంతే. ఇలాంటివి ఆలస్యంగా వచ్చేవాళ్లకు న్యాయం చేస్తాయి. వారం మెనూ రాసేటప్పుడు ప్రతిరోజూ ఊరేకొద్దీ బాగుండేది ఒకటి, అప్పటికప్పుడు చేసేది ఒకటి ఉండేలా చూడండి. వేపుడు, అప్పడం, చపాతీ, బజ్జీ అన్నీ ఒకే రోజు పెట్టారంటే ఒంటిగంటన్నరకు వచ్చేవాడికి తినదగ్గది ఒక్కటీ మిగలదు.

అన్నం గురించి ఒక మాట. మన క్యాంటీన్లలో ఎక్కువగా వండేవి సన్న బియ్యం. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 సాంబ మసూరి ఈ రకాల్లో పేరున్నది. కొత్త బియ్యం వచ్చినప్పుడు పాత కొలత నీళ్లు పోస్తే ముద్దవుతుంది. బస్తా మారిన రోజున ముందు ఒక గ్లాసు బియ్యం విడిగా వండి నీళ్లు చూసుకోవాలి. మిగిలిన అన్నాన్ని బయట ఉంచి సాయంత్రం ఫ్రైడ్ రైస్ చేయడం ప్రమాదం. గది వేడిలో ఉన్న అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేయించినా పోదు.

పెరుగన్నం పుల్లబడుతోందంటే పెరుగు ముందే ఎక్కువ పడుతోందన్నమాట. వేడన్నాన్ని మెదిపి, కిలో బియ్యం అన్నానికి లీటరు కాచిన పాలు కలపాలి. గోరువెచ్చగా అయ్యాక, అంటే పదకొండు ప్రాంతంలో, రెండు గరిటెల పెరుగు వేయాలి. ఒంటిగంటకు కమ్మగా ఉంటుంది. మిగతా పెరుగు, తాళింపు వడ్డించే ముందు కలుపుకోవాలి. మిగిలింది రాత్రి షిఫ్టుకు దాచకూడదు.

ఇక టీ. ఫ్లాస్కులో నలభై నిమిషాలు దాటిన టీ రంగు ముదిరి, చేదెక్కి, పైన మీగడ తెట్టు కడుతుంది. హైదరాబాదు ఇరానీ కేఫులు ఈ చిక్కును ఎప్పుడో విడదీశాయి. డికాషన్ ఒక గిన్నెలో, చిక్కగా కాగిన పాలు ఇంకో గిన్నెలో, రెండూ కలిసేది కప్పులోనే. మీ క్యాంటీన్‌కూ ఇదే పద్ధతి పనికొస్తుంది. 90 మిల్లీలీటర్ల కప్పులు 100 కావాలంటే 4 లీటర్ల నీళ్లు, 180 నుంచి 200 గ్రాముల డస్టు టీ పొడి, ఐదున్నర లీటర్ల పాలు. చక్కెర విడిగా పెట్టండి, షుగరున్నవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. అల్లం టీ విరిగిపోతోందంటే పచ్చి అల్లం నేరుగా పాలలో పడుతోంది. అల్లంలో పాల మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము ఉంది, మరిగితే దాని శక్తి పోతుంది. దంచిన అల్లాన్ని ముందు నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి, తర్వాత టీ పొడి, ఆఖరున పాలు. మిషన్ టీయే ఇస్తామంటే సరే, కానీ మిశ్రమం గిన్నె, గొట్టం, నాజిల్ ప్రతి రాత్రి వేడినీళ్లతో కడగాలి. పొద్దున మొదటి కప్పులో వచ్చే పులిసిన వాసన నిన్నటి పాలపొడిది.

సాయంత్రం బజ్జీలు, సమోసాలు. వీటిలో నూనె ఒక్కటే చూడాల్సింది. మరిగి మరిగి పాడైన నూనెలో పెరిగే పోలార్ పదార్థాల మోతాదు 25 శాతం దాటకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన, 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. కొలిచే పట్టీలు బజారులో దొరుకుతాయి. పట్టీ లేకపోయినా, వేయగానే నురగ ఎక్కువై తగ్గకపోతే, మునుపటికన్నా తక్కువ సెగకే పొగ వస్తే ఆ నూనె పారబోయాల్సిందే. దాన్ని మర్నాడు కూరల్లోకి మళ్లించకండి. బజ్జీ నూనె పీలుస్తోందంటే రెండు కారణాలు: పిండిలో సోడా ఎక్కువ, నూనెలో వేడి తక్కువ. 170, 180 డిగ్రీల మధ్య ఉంచి, మూకుడు నిండా కాకుండా సగానికే వేస్తే నూనె చల్లబడదు.

వేడి పదార్థాలను 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలన్న నియమం మీ ఆడిట్ కాగితంలో ఉంటుంది. అది తప్పనిసరి. కానీ నాలుగు గంటలు 65 డిగ్రీల దగ్గర ఉన్న ఇడ్లీ ఆడిట్‌లో పాసవుతుంది, నోటికి పాసవదు. థర్మామీటరుతో పాటు గడియారం కూడా చూడమని అడుగుతున్నాం.

వరుస గురించి కూడా. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్‌లో, ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలని రాశారు. 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించే అధికారాన్ని 46వ సెక్షన్‌లో ప్రభుత్వాలకు ఇచ్చారు, నిర్వహణలో కార్మికుల ప్రతినిధులుండాలన్న మాట కూడా అందులోనే ఉండేది. ఆ అరగంటలో పావుగంట వరుసకే పోతే మనిషి నమలకుండా మింగుతాడు. ఫ్లోర్లవారీగా పదిహేను నిమిషాల తేడాతో విరామం ఇస్తే వరుస తగ్గుతుంది, అంతకన్నా ముఖ్యంగా వంటవాళ్లకు విడతలుగా వండే వీలు దొరుకుతుంది. 300 మంది ఒకేసారి వచ్చి పడుతుంటే ఎంత మంచి మేస్త్రీ అయినా ముందే వండి పెట్టుకోక చేసేదేముంది?

కమిటీ సభ్యులు రుచి చూసే వేళ కూడా మారాలి. ఇప్పుడు మీరు ఎనిమిదింపావుకు వెళ్తారు, అన్నీ పొగలు కక్కుతుంటాయి, రిజిస్టర్లో ‘బాగుంది’ అని సంతకం పెడతారు. మీరు రాసింది నిజమే, కానీ అది మొదటి పదిమంది తిన్న తిండి. వారానికి రెండుసార్లు, చెప్పకుండా, టిఫిను ముగిసే పది నిమిషాల ముందు వెళ్లి ఆఖరి ప్లేటు తినండి. మధ్యాహ్నం కూడా ఆఖరి విడతలోనే తినండి. బాగాలేకపోతే పెట్టె మీద రాసిన వేళ చూడండి, కారణం అక్కడే కనబడుతుంది. ఆ వేళ, పదార్థం, రుచి, మిగిలిన పరిమాణం, ఈ నాలుగూ రాసుకుంటే నెల తిరిగేసరికి ఏ రోజు ఎంతమందికి వండాలో కూడా తేలుతుంది. సోమ, శుక్రవారాల్లో తక్కువమంది వచ్చే ఆఫీసుల్లో వారమంతా ఒకే లెక్కన వండి పారబోస్తున్నారు. ఆ డబ్బుతో రెండో స్టీమరు వస్తుంది.

చివరిగా, వండేవాళ్ల సంగతి. నాలుగింటికి పొయ్యి వెలిగించినవాళ్లు పదకొండు దాకా ఏమీ తినకుండా, ఆ తర్వాత మిగిలింది తినే క్యాంటీన్లున్నాయి. ఇది మాకు బాధ కలిగించే విషయం. ఉప్పు సరిచూడాల్సిన నాలుక ఆకలితో ఉంటే సరిచూడలేదు, అదొక్కటే కాదు, అది న్యాయమూ కాదు. మొదటి వాయి ఇడ్లీ, వేడి టీ వాళ్లకు అందాలని, మధ్యాహ్న భోజనం వడ్డన మొదలవకముందే పన్నెండింటికి వాళ్లు కూర్చుని తినాలని కాంట్రాక్టులో ఒక షరతుగా రాయండి. విడతలుగా వండటానికి మనుషులు ఎక్కువ పడితే, ఆ జీతం ప్లేటు ధరలో కలపండి. రెండు మూడు రూపాయలు పెరిగినా ఉద్యోగుల ముందు దాచకుండా లెక్క పెట్టండి, ఒప్పుకుంటారు. కొత్త కాంట్రాక్టుకు టెండరు పిలిచేటప్పుడు స్టీమర్ల సంఖ్య, పెనాల సంఖ్య, విడతల సంఖ్య కూడా అడగండి. ప్లేటు ధర ఒక్కటే అడిగితే ధర ఒక్కటే తగ్గించి చూపిస్తారు.

ఇట్లు,
క్యాంటీన్ వంట తెలిసినవాళ్లం, రోజూ అక్కడే తినేవాళ్లం